అన్నయ్య లేని పరికరము



ఏ సాధనముద్వారా నేనీ సాయంకాలము మీతో మాటలాడుచున్నానో ఆ రేడియో మన దక్షిణదేశపు టిండ్లలోనికి ఏ విధముగా ప్రవేశించినదో ఒక్కమాఱు జ్ఞప్తికి తెచ్చుకొనుట నేటి ప్రసంగమునకు మిక్కిలి అవసరమని తలంచుచున్నాను. 1935వ సంవత్సరము సెప్టెంబరు నెలలో, మైసూరు విశ్వవిద్యాలయమున మనస్తత్వశాస్త్రమును బోధించుచుండిన ఆచార్య ఎం.వి. గోపాలస్వామిగారు, తాము కాపురముండిన యింటిలోనే ఒక చిన్న ప్రసారయంత్రమును నిలిపి, 'ఆకాశవాణి' యను పేరుతో ప్రసారములు సాగించిరి. పాఠము చెప్పు పంతులుగారు తన యింటి గదినుండి ఊరివారికి వినిపించిన గొంతుక అది. తరువాతి కాలమున మదరాసు రేడియోలో న్యాయపతి రాఘవరావుగారును, వారి సహధర్మచారిణి కామేశ్వరిగారును తెలుగుపిల్లల కొఱకు కార్యక్రమములు నడపి, రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య యని పిలిపించుకొని, ఎన్నడును చూడని పిల్లలకు సైతము ఆప్తులైరి. 1945లో 'బాల' యను పత్రికను గూడ వారే పిల్లల చేతికిచ్చిరి. అన్నయ్య, అక్కయ్య యను ఆ పిలుపులోని అర్థమును గమనింపుడు. బల్లమీది పెట్టెలోనుండి కంటికి కనబడనివారెవరో పలుకుచుండగా, ఆ పలుకువారు బిడ్డకు పరాయివారు కారాదు, తోబుట్టువులు కావలెనని ఆ దంపతులు నిశ్చయించుకొనిరి. క్రొత్తయంత్రము పిల్లవాని యెదుటికి వచ్చునపుడు దాని వెంట ఇంటిమనిషి యొకరు రావలెనన్న వివేకము వారిది.

నేడు మన పిల్లల అరచేతిలోనికి వచ్చిన యంత్రమునకు అట్టి అన్నయ్య లేడు. అది రేడియోవలె కూడములో కూర్చుండి ఇంటిల్లిపాదికి ఒకే మాట వినిపించునది కాదు. దుప్పటిలోనికి దూరి, ఒక్కొక్కరికి ఒక్కొక్క మాట చెవిలో చెప్పునది. మనము దానిని చూచుచుండగా అదియు మనలను గమనించుచుండునది. ఇట్టి యంత్రమును గూర్చి బడిపిల్లలకు ఏమి నేర్పవలెను, ఎట్లు నేర్పవలెను అను విషయమున కొన్ని యేండ్లుగా నేను చూచినవియు, చేసినవియు, చేసి దిద్దుకొన్నవియు నేడు మీకు విన్నవింతును.

నేను హెబ్బగోడిలో కాపురముండువాడను. బెంగుళూరునుండి హోసూరునకు పోవు రాజమార్గముమీద, ఎలక్ట్రానిక్ సిటీ దాటి బొమ్మసంద్ర కర్మాగారములు చేరులోపల, ఆనేకల్ తాలూకాలో ఉన్నది మా యూరు. ఆర్.కె. బాళిగాగారి సంకల్పమున, కియోనిక్స్ అను ప్రభుత్వసంస్థ 1978లో కోనప్పన అగ్రహారము, దొడ్డతోగూరు గ్రామముల పొలిమేరలలో 332 ఎకరముల నేలను ఎలక్ట్రానిక్ పరిశ్రమలకై ఏర్పఱచినది మొదలు, ఈ ప్రాంతమంతయు రూపు మార్చుకొనుచు వచ్చినది. 2025 ఆగస్టు 10వ తేదీని ప్రారంభమైన పసుపు మార్గపు మెట్రో రైలు ఇప్పుడు మా తలలమీదుగా పోవుచున్నది. ఆ మార్గపు 16 స్టేషనులలో మా యూరి పేరుగల స్టేషనును ఒకటి. లోకములోని పెద్దపెద్ద బ్యాంకులకును వర్తకసంస్థలకును కావలసిన సాఫ్ట్‌వేరు మా యింటికి కూతవేటు దూరముననున్న మేడలలో తయారగుచున్నది. ఆ మేడల నీడలోనే, ఆ మేడలకు కావలి కాయువారును, వానిని ఊడ్చి తుడుచువారును, బొమ్మసంద్ర కర్మాగారములలో మూడు పాళులలో పనిచేయువారును కాపురములుండు వఠారములున్నవి. వరుసగా కట్టిన ఒంటిగది యిండ్లను ఇచ్చట వఠారమందురు. ఆ వఠారములలో సాయంకాలము నడచినచో అనంతపురము, చిత్తూరు, కర్నూలు జిల్లాల తెలుగు వినవచ్చును; హోసూరు ప్రాంతమున తరతరములుగా నివసించు తెలుగువారి యాస వేఱుగా వినవచ్చును. 2011 జనాభాలెక్కల ప్రకారము కర్ణాటకమున నూటికి దాదాపు ఆరుగురు తెలుగు మాతృభాషగా గలవారే.

ఆ యిండ్లలోని పిల్లవాని పరిస్థితిని ఒకింత నిదానముగా ఆలోచింపుడు. ఇంట వానిది తెలుగు, బడిలో కన్నడము, చేతిలోని ఫోను మాటలాడునది ఇంగ్లీషు. తండ్రి రాత్రిపాళికి పోవును; తల్లి తెల్లవాఱకమునుపే అపార్టుమెంటు పనికి పోవును. ఇంటికంతకు ఉన్నది ఒకటే ఫోను. దానిని తెఱచుట, మూయుట, రీఛార్జి చేయుట, గ్యాసు బండ బుక్కుచేయుట యన్నియు పదియేండ్ల పిల్లవాని పనులే. తల్లిదండ్రులు వాని తెలివిని చూచి మురియుదురు, మురియదగినదే. కాని ఆ యింటిలో యంత్రము సంగతి తెలిసిన పెద్దవాడు ఆ పిల్లవాడే యగుచున్నాడు. పెద్దరికము వాని భుజములమీద పడినదని వానికిని తెలియదు, వారికిని తెలియదు.

ముప్పది యేండ్లు లెక్కల పంతులుగా పనిచేసి విరమించి, కుమారుని ఉద్యోగమును బట్టి ఈ యూరు చేరిన నేను, మా మేడమీది రేకుల వసారాలో ఆదివారము సాయంకాలము అయిదు గంటలకు కొందఱు పిల్లలను కూర్చుండబెట్టి కంప్యూటరు పాఠములు చెప్పుచున్నాను. రెండు పాత లాప్‌టాపులు, ఒక నల్లబల్ల, రెండు చాపలు, పదునలుగురు పిల్లలు. మొదటి యేడు నేను చేసిన తప్పు ఇచ్చట చెప్పవలెను. భద్రతను గూర్చి చెప్పవలెనన్న ఉత్సాహముతో, చేయరాని పనుల పట్టిక యొకటి వ్రాసి, దానిని వారిచేత ఎక్కములవలె వల్లింపజేసితిని. తెలియనివారితో మాటలాడరాదు, పాస్‌వర్డు చెప్పరాదు, ఫోటో పంపరాదు, ఇట్లు పండ్రెండు. తడుముకొనకుండ పండ్రెండును అప్పజెప్పి నాచేత శభాషనిపించుకొన్న బాలిక, ఆ వారములోనే, ఉచితముగా సైకిలు ఇచ్చెదమని వచ్చిన లంకెను నొక్కి, తన పేరు, బడి పేరు, తల్లి ఫోను నంబరు నింపి పంపినది. అడిగితే, "వాళ్ళు తెలియనివాళ్ళు కాదు సార్, మా పిన్ని పంపింది" అన్నది. పిన్నికి ఎవరు పంపిరో పిన్నికే తెలియదు. ఆ పిల్ల నా సూత్రమును మీఱలేదు. నా సూత్రమునకే ఆ యంత్రపు లోగుట్టు తెలియదు. అప్పుడు పట్టికను తుడిచివేసి, యంత్రమెట్లు పనిచేయునో అచ్చటినుండి మొదలుపెట్టితిని.

మొదలుపెట్టినది ముగ్గుతో. ఏడవ తరగతి చదువు బాలిక నొకతెను పిలిచి, నేలమీద ముగ్గు వేయుటకు మాఱుగా, కన్నులు మూసికొని సుద్దముక్క పట్టుకొన్న పిల్లవానికి నోటితో చెప్పి వేయింపుమంటిని. "ఏడు చుక్కలు పెట్టు, సందుచుక్క నాలుగు వరకు" అన్నదామె. ఆ మాట ఆడపిల్లలందఱకు అర్థమైనది; సుద్దముక్క పట్టుకొన్నవానికి కాలేదు. నడుమ వరుసలో ఏడు, దానికి పైనను క్రిందను సందులలో ఆఱు, అయిదు, నాలుగు చొప్పున పెట్టుకొని పోవలెనని విడమఱచి చెప్పవలసి వచ్చెను. మొత్తమెన్ని చుక్కలని నేనడుగగా లెక్కించి ముప్పదియేడనిరి. పిమ్మట గీతలు. "పక్కకు పో" అన్నచో ఏ ప్రక్కకు? "చుట్టు" అన్నచో ఎంత దూరము? అరగంట గడచుసరికి, చెప్పిన మాటను చెప్పినట్లు చేయువానికి ఎంత తెలియజెప్పవలెనో ఆ పిల్లకు తెలిసినది. చెప్పినదానిలో తప్పున్నచో చేసినవానిది తప్పు కాదని సుద్దముక్క పిల్లవానికి తెలిసినది. కంప్యూటరు ప్రోగ్రామనగా ఇంతే. సేమూర్ పాపర్ట్ పండితుడును, ఆయన సహచరులును 1967లో అమెరికాలో పిల్లల కొఱకు లోగో అను భాషను నిర్మించిరి. అందులోని తాబేలునకు ముందుకు పొమ్మని, తిరుగుమని చెప్పుచు బొమ్మలు గీయించుట పిల్లలకు వ్యసనమైనది. మన మదరాసు క్రిస్టియన్ కళాశాలలో గిఫ్ట్ సిరోమణిగారును, వారి తోడి పండితులును మన వాకిటి ముగ్గులకు గణితవ్యాకరణము గలదని గ్రహించి, 1974లో దానిని గూర్చి శాస్త్రవ్యాసమునే ప్రకటించిరి. మా వసారాలోని పిల్లలకు ఈ సంగతి చెప్పినపుడు, "అయితే మా అవ్వకు కంప్యూటరు వచ్చినట్టే కదా సార్" అని ఒకడు అడిగెను. వచ్చినట్లే యంటిని, అది నిజముగా నమ్మియే యంటిని.

ఈ ముగ్గునకును భద్రతకును సంబంధమేమని మీరడుగవచ్చును. సంబంధము చాల కలదు. సుద్దముక్క తనంతట తాను గీయదు, ఎవరో చెప్పుచుండగా గీయును అని తెలిసిన పిల్లవానితో, తరువాతి వారము, యూట్యూబులో ఒక వీడియో ముగియగనే మఱియొకటి తనంతట తానే ఎట్లు వచ్చుచున్నదిరా అని అడిగితిని. కొంతసేపు ఊరకుండి, "ఎవరో చెప్పింటారు" అనెను. ఏమని చెప్పియుందురు? "వీడు ఫోను కింద పెట్టకుండా చూడు అని." పదునొకండేండ్ల పిల్లవాడు! ఎన్నడును ఏ గ్రంథమును చూడనివాడు, వినోదవ్యాపారపు మర్మమును ఒక్క వాక్యములో బయటపెట్టెను. తెరమీద కనబడు ప్రతిదాని వెనుకను చెప్పువాడొకడున్నాడు, వానికి కావలసినదొకటున్నది అని తెలిసిన పిల్లకు, సైకిలు ఉచితముగా వచ్చుననినపుడు, ఇచ్చువానికి నావలన కావలసినదేమి అన్న ప్రశ్న సహజముగా పుట్టును. నా పండ్రెండు నిషేధములు చేయలేని పని అది.

ఇంక మాటల సంగతి. ఒకనాడు ఒక పిల్లవాడు బొమ్మలకు రంగులు వేయు ఆటయొకటి ఫోనులోనికి దింపుకొనుచుండగా ప్రక్కన కూర్చుండి చూచితిని. తెరమీద ఇంగ్లీషులో నాలుగు పంక్తుల ప్రశ్న వచ్చెను. వాని బొటనవ్రేలు ప్రశ్న పూర్తిగా రాకమునుపే నీలిరంగు మాటమీద వ్రాలెను. ఇంకొక ప్రశ్న, మరల వ్రేలు. మూడవది, మరల వ్రేలు. "అందులో ఏమి వ్రాసియున్నదిరా?" అంటిని. "ఏమో సార్. ఆడ నొక్కితేనే ముందుకు పోయేది" అనెను. వానికి తెలిసినది మాట కాదు, అది యుండు చోటు. ఆ మాటను నల్లబల్లమీద తెలుగు లిపిలో 'అలౌ' అని వ్రాసి, అనగా 'రానిమ్ము' అని యర్థము చెప్పి, ఆ ఆట అడిగిన మూడింటిని తెలుగులో చదివి వినిపించితిని. నీ ఫోనులోని చుట్టముల పేర్లు, నంబర్లు చూడనిత్తువా? నీవు ఎచ్చటనున్నావో ఎల్లప్పుడును తెలిసికొననిత్తువా? నీ మాటలు విననిత్తువా? "మన వఠారములోనికి ఎవడో క్రొత్తవాడు వచ్చి, రంగుల పుస్తకమిచ్చెదను, మీ చుట్టములందఱి నంబర్లు ఇమ్మనినచో ఏమి చేయుదురు?" అని అడుగగా, వెనుక వరుసనుండి ఒక బాలిక "మా అవ్వ చీపురు తిరగేస్తుంది సార్" అనెను.

ఆ దినము మొదలు మేమొక పుస్తకము పెట్టితిమి. తెరమీద కనబడు ప్రతి మీటమాటకును పిల్లలే తమ యింటి తెలుగులో అర్థము కట్టి అందులో వ్రాయుదురు. అలౌ అనగా 'రానిస్తా'. డినై అనగా 'రానియ్యను'. అగ్రీ అనగా 'ఒప్పుకున్నా'. షేర్ అనగా 'పంచిపెడతా'. డిలీట్ అన్నదానికి మొదట 'తుడిచేస్తా' అని వ్రాసి, మన ఫోనులో తుడిచినంత మాత్రమున ఇతరుల ఫోనులో తుడుచుకొనిపోదని తెలిసిన పిమ్మట, దానిని కొట్టివేసి 'నా దగ్గర మాత్రం తుడిచేస్తా' అని దిద్దిరి. ఇంతకంటె సరియైన నిర్వచనము నిఘంటువులలో నేను చూడలేదు. మన భాషలోనికి యంత్రపు మాటలను తెచ్చుట పండితుల పనియని, పరిభాషాసంఘముల పనియని మనమనుకొనుచుందుము. కాని ప్రమాదము మీటమీద ఉన్నపుడు, మీటను నొక్కు వ్రేలికి అర్థమగు భాషలో ఆ మాట ఉండవలెను. ఈ విషయమున నాకెంతయో పట్టుదల కలదు. కోట్లమంది చేతులలోనున్న ఈ యంత్రము తెలుగు లిపిని చక్కగా చూపగలిగియుండియు, మన పిల్లవాడు సమ్మతి తెలుపు మాటను మాత్రము పరాయిభాషలో, చదువకుండ, రంగును చూచి నొక్కుచున్నాడన్న తలంపు నాకు నిద్ర పట్టనీయదు.

ఫోటోల పాఠమునకు కాగితపు ముక్కలు చాలును. ముక్కను ఫోటో యనుకొని ఒక్కడు ముగ్గురికి, ఆ ముగ్గురును తలకు ముగ్గురికి పంపిన, అయిదవ మెట్టున 243 చేతులు, పదవ మెట్టున 59,049. లెక్కల పంతులును గనుక ఈ గుణకారము నాకు ప్రియము. కాని పిల్లలను నిశ్చేష్టులను చేసినది వేఱొకటి. బడి గేటువద్ద తీసికొన్న ఫోటో నొకదానిని తెఱచి, ఫోనులో స్థలవివరము నమోదగు నేర్పాటు ఉన్నచో ఆ ఫోటో వెనుకనే అక్షాంశరేఖాంశములు దాగియుండునని చూపి, ఆ యంకెలను పటములో వేసితిని. సూది గ్రుచ్చినట్లు వారి బడి గేటే వచ్చెను. ఆ యంకెలను కొన్ని యాప్‌లు పంపునపుడే తీసివేయును, కొన్ని తీసివేయవు. కాని యూనిఫారము జేబుమీది బడి పేరును ఏ యాపును తీసివేయదని చెప్పితిని. ఒక బాలిక తన జేబుమీద చేయి కప్పుకొన్నది.

ఆ బాలిక వయస్సువారికి రాగల మఱొక ఆపదను గూర్చి పేరెత్తి చెప్పక తప్పదు. ముఖమును వేఱొక దేహమునకు అతికించి బెదరించు దుర్మార్గులున్నారు. కృత్రిమ మేధ వచ్చిన పిమ్మట ఆ పనికి నేర్పు కూడ అక్కఱలేకపోయినది. అట్టిదేమైన జరిగినచో, బెదరించినవాడు నేరస్థుడు, బెదరింపబడిన పిల్లది నేరము కాదు. 2000వ సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టములోని 67బి విభాగమును, 2012 నాటి పోక్సో చట్టమును పిల్లల పక్షమున ఉన్నవి. అమెరికాలోని నేషనల్ సెంటర్ ఫర్ మిస్సింగ్ అండ్ ఎక్స్‌ప్లాయిటెడ్ చిల్డ్రన్ అను సంస్థ నడపు 'టేక్ ఇట్ డౌన్' అను సేవయొక్క పనితీరును నేను పెద్దపిల్లలకు వివరించుచుందును. అందు ఫోటో ఫోను దాటి ఎచ్చటికిని పోదు. ఆ ఫోటోకు వ్రేలిముద్రవంటి సంఖ్యాముద్ర యొకటి ఫోనులోనే తయారై, అది మాత్రమే పోయి, ఆ యేర్పాటులో చేరిన సామాజిక మాధ్యమములు అదే ముద్రగల బొమ్మను గుర్తించి తొలగించుటకు తోడ్పడును. సిగ్గుతో క్రుంగిపోయిన బిడ్డ, ఆ బొమ్మను ఇంకొకరికి చూపకయే సాయము పొందగలదన్నమాట. గణితము ఇంత దయగలదిగా ఉండగలదని నా ఉద్యోగకాలమున నేనెఱుగను.

పాస్‌వర్డుల విషయము త్వరగా చెప్పుదును. నాలుగంకెల రహస్యసంఖ్యలు పదివేలు మాత్రమే. ఎనిమిది చిన్న ఇంగ్లీషు అక్షరముల కూర్పులు 20,882 కోట్లకు పైన. పొడవే బలము. కావున ఇంటిలో నలుగురికి మాత్రమే తెలిసిన యొక తెలుగు వాక్యమును ఇంగ్లీషు అక్షరములలో వ్రాసికొమ్మని చెప్పుదును. మా పిల్లలు కట్టిన వాక్యములు ఎంతయో ముచ్చటైనవి. ఇచ్చట చెప్పరాదు గదా.

ఇప్పుడు నా మనస్సును కలచిన సంగతికి వత్తును. మా చాపమీద కూర్చుండు పిల్లలలో ఒకడు, మాటకారి, ఉన్నట్టుండి ఆఱు వారములు రాకపోయెను. కబురంపితే కడుపునొప్పి యనిరి. ఏడవ వారము తల్లియే వచ్చి, బ్యాంకులో డబ్బు తక్కువగా నున్నదని, చీటీ చూచి చెప్పుమని నన్నడిగెను. 6,400 రూపాయలు మూడు విడుతలుగా పోయినవి. నాల్గిండ్ల పాచిపని చేయు తల్లికి అది ఎన్ని దినముల కష్టమో మీరే యూహింపుడు. పిల్లవానిని ఒంటరిగా కూర్చుండబెట్టి అడుగగా, తలవంచుకొని చెప్పెను. ఆటలో పరిచయమైన యొకడు, వీనిని "తమ్ముడూ" అని పిలిచి, తాను అన్నననెను. ఆటలో కావలసిన తుపాకులు, దుస్తులు ఇప్పించెదనని, ఫోనునకు వచ్చు ఓటీపీ చెప్పుమనెను. మూడు రాత్రులు మూడు ఓటీపీలు. నాల్గవ దినము అన్న కనబడలేదు.

శ్రోతలారా, ఆ మాట విన్నపుడు నాకు రేడియో అన్నయ్య జ్ఞప్తికి వచ్చి కండ్లు చెమర్చినవి. యంత్రముతోగూడ రావలసిన అన్నయ్యను మనము పంపలేదు; ఆ చోటు ఖాళీగా నున్నది; ఖాళీగానున్న చోట దొంగ వచ్చి కూర్చుండెను. పిల్లవాడు తుపాకులకై మోసపోయినాడని తల్లి యనుకొన్నది. వానిని నేనెఱుగుదును; 'తమ్ముడూ' అన్న పిలుపునకు మోసపోయినాడు.

"పోయిన దినమే ఎందుకు చెప్పలేదురా?" అంటిని. "చెప్తే నాయన కొడతాడు సార్. ఫోను పెరికేసుకుంటారు. బడికి ఫోను కావల్ల" అనెను. ఈ జవాబు మన పెద్దలందఱును వినవలసినది. సొమ్ము పోయిన వెంటనే 1930 నంబరునకు ఫోను చేసినచో, లేక కేంద్రప్రభుత్వపు సైబరు నేరముల పోర్టలులో ఫిర్యాదు వ్రాసినచో, ఆ కబురు బ్యాంకులకు అంది, దొంగ చేతికి చేరకముందే ఆ సొమ్మును నిలుపుటకు అవకాశము కలదు. సొమ్ము ఒక ఖాతానుండి మఱొక ఖాతాకు, అటనుండి వేఱొక ఖాతాకు నిమిషములలో పరుగెత్తును గనుక, ఇందు గంటలే ముఖ్యము. మా వాడు ఆఱు వారములు కడుపునొప్పితో పడుకొనెను. దొంగకు ఓటీపీ ఇచ్చినది పిల్లవాడైనను, ఆఱు వారముల గడువిచ్చినది ఇంటిలోని భయము. సొమ్ము రాలేదు. తండ్రి కొట్టకుండ చూచుట యొక్కటియే నేను చేయగలిగినది. అందుకు ఆయన పాళి ముగిసి వచ్చువఱకు వారి గుమ్మమున కూర్చుంటిని.

నాటినుండి నా పాఠమున మొదటి పంక్తి మాఱినది. 'తప్పు జరిగినచో వచ్చి చెప్పుము, నిన్నెవరును కొట్టరు' అనునది నల్లబల్ల పైయంచున చెఱగకుండ ఉండును. ఆ వాగ్దానమును నిలబెట్టుట పిల్లల పని కాదు, నాది, వారి తల్లిదండ్రులది. ఇంట చెప్పలేని పిల్లలకు 1098 అను బాలల సహాయసంఖ్య గలదనియు అదే బల్లమీద వ్రాసితిని.

మన బడులలో కంప్యూటరు క్రొత్తది కాదు. 1984లో కేంద్రప్రభుత్వము క్లాస్ అను పథకము క్రింద, బ్రిటనునుండి తెచ్చిన బీబీసీ మైక్రో యంత్రములను దేశములోని సుమారు 250 పాఠశాలలకిచ్చెను. 2001 ప్రాంతమున కర్ణాటక ప్రభుత్వము 'మాహితి సింధు' అను పేర ప్రభుత్వోన్నత పాఠశాలలకు కంప్యూటరులను పంపెను. నేను పనిచేసిన యొక బడిలో కంప్యూటరు గదికి రెండు తాళములు, యంత్రములమీద పూలగుడ్డ. పిల్లలు చెప్పులు విడిచి, చేతులు కట్టుకొని, ప్రదక్షిణము చేసినట్లు చుట్టి వచ్చెడివారు. యంత్రము దేవుడైనచోట ప్రశ్న పుట్టదు. ఇంగ్లాండులో 2014 సెప్టెంబరునుండి అయిదేండ్ల పిల్లలకే కంప్యూటింగును పాఠ్యాంశముగా పెట్టి, ప్రోగ్రాము వ్రాయుటను, ఆపద కలిగినపుడు ఎవరికి చెప్పవలెనన్నదానిని ఒకే పాఠ్యప్రణాళికలో చేర్చిరి. మన 2020 జాతీయ విద్యావిధానము గూడ ప్రాథమికోన్నత తరగతులలో కోడింగు ఉండవలెనన్నది. భద్రతను మాత్రము నేనెఱిగిన బడులు ఇంకను ఏడాదికొక దినమున, పోలీసు అధికారి వచ్చి చేయు ఉపన్యాసముగానే యుంచినవి.

నా మనస్సునకు నచ్చిన ప్రయత్నమొకటి 2021లో తెలంగాణమున జరిగినది. అచ్చటి పోలీసు మహిళాభద్రతా విభాగమును, విద్యాశాఖయు కలిసి 1,650 ప్రభుత్వ పాఠశాలలలో ఇద్దఱేసి విద్యార్థులను సైబరు అంబాసిడర్లుగా తీర్చి, వారిచేత తోడిపిల్లలకు భద్రత నేర్పించిరి. పెద్దతరగతి పిల్ల చిన్నతరగతి పిల్లకు చెప్పుటయన్నమాట. మనము పోగొట్టుకొన్న అన్నయ్య, అక్కయ్య ఈ విధముగా తిరిగి వచ్చినారు. ఆస్ట్రేలియా దేశమువారు 2025 డిసెంబరు 10వ తేదీనుండి పదునాఱేండ్లలోపు పిల్లలకు సామాజిక మాధ్యమములలో ఖాతాలు కూడదనిరి. మన దేశమున 2023 నాటి వ్యక్తిగత సమాచారరక్షణ చట్టము పదునెనిమిదేండ్లలోపువారి సమాచారమును వాడుటకు తల్లిదండ్రుల సమ్మతి కావలెనన్నది. వీనిని నేను కాదనను. కాని మా వఠారములో ఖాతా తల్లి పేర ఉన్నది, వయస్సు తల్లిది, సమ్మతి తెలుపు వ్రేలు మాత్రము పిల్లవానిది. అచ్చటికి ఏ దేశపు చట్టమును ఒంటరిగా నడచి రాలేదు.

అందుచేత ఇప్పుడు నెలకొక ఆదివారము తల్లులను గూడ పిలుచుచున్నాను. పోయిన నెల పాఠము యూపీఐ. చెప్పినది నేను కాదు, ఆఱవ తరగతి బాలిక. "డబ్బు మనకు వచ్చేదానికి పిన్ను అక్కరలేదు. పిన్ను కొట్టమన్నారంటే మన డబ్బు పోతాది" అని మూడుమార్లు చెప్పి, ప్రతి తల్లిచేతను తిరిగి చెప్పించెను. ఒక యిల్లాలు, ఫోనును కొంగున చుట్టుకొని వచ్చినామె, "మాకు ఈ మాట ఎవురూ చెప్పలేదు కదమ్మా" అని ఆ పిల్ల గడ్డము పట్టుకొన్నది.

కడపటి ముచ్చట యొకటి. మొన్న బుధవారము రాత్రి తొమ్మిది గంటలప్పుడు మా తలుపు తట్టిన చప్పుడైనది. తీయగా, ఆఱు వారములు కడుపునొప్పియని పడుకొన్న ఆ పిల్లవాడే, ఫోను రెండు చేతులతో పట్టుకొని నిలుచుండెను. "సార్, ఒక మెసేజి వచ్చింది. యాడా నొక్కలేదు. మీకు చూపిద్దామని వచ్చినా" అనెను. లోపలికి రమ్మని, ఇద్దఱమును దీపము క్రింద కూర్చుండి చదివితిమి. కరెంటు బిల్లు కట్టనందున ఈ రాత్రియే మీ యింటి కరెంటు తీసివేయుదుము, వెంటనే ఈ నంబరునకు ఫోను చేయుడు అని యున్నది. "దీనిని గూర్చి నీవేమనుకొనుచున్నావు?" అంటిని. పిల్లవాడు కొంచెముసేపు ఆలోచించెను.

"మేము బిల్లు కట్టేది ఓనరుకు సార్. మా ఇంటికి మీటరే లేదు. వీళ్ళకు మా ఇల్లే తెలీదు" అనెను.